ఎడారి దేశములకు సద్దిమూట



“పెద్దల మాట సద్దిమూట” యని మన పల్లెలలో నానుడి కలదు. సద్ది యనగా ముందునాటి రాత్రి వండి యుంచిన యన్నము. వేకువజామున పొలమునకో పొరుగూరికో బయలుదేరువాడు దానిని మూటగట్టుకొని పోవును. ఆకలి వేసిన చోట చెట్టునీడను విప్పుకొని తినును. నేడు నేను మాటలాడదలచినది ఆ సద్దిని గూర్చియే. అయితే మన బిడ్డలు ఇప్పుడు పోవుచున్నది పొరుగూరికి కాదు. సముద్రమునకు ఆవల నున్న దుబాయి, మస్కటు, కువైటు, ఖతరు, బహరైను, సౌదీ దేశములకు. అంత దూరమునకు ఏ సద్ది కట్టి పంపవలెను? అది ఎన్నినాళ్లు వచ్చును? అది తీరిన పిమ్మట వారు ఏమి తిందురు?

నా యభిప్రాయమును మొదటనే మనవి చేసెదను. సకినాలును తొక్కును నెల రెండు నెలలలో తీరిపోవును. తీరిపోని సద్ది యొక్కటే కలదు. అది వంట చేయు నేర్పు. విమానమెక్కు ప్రతి కుఱ్ఱవానికిని ఇంటి పెద్దలు దానిని ముందుగా నేర్పి పంపవలెను. ఎందుకు నేర్పవలెనో, ఏమి నేర్పవలెనో, మూటలో ఏమి కట్టవచ్చునో, ఏమి కట్టరాదో వరుసగా చెప్పెదను.

మన రుద్రంగి కోరుట్లకును వేములవాడకును నడుమ బాటమీద నున్నది. 2016 వ సంవత్సరమున మండల కేంద్రమైనది. అంతకుముందు చందుర్తి మండలములోని గ్రామము. చిరకాలము వానను నమ్ముకొనిన సేద్యము గల యీ సీమలో బ్రతుకుతెరువుకొఱకు వలసపోవుట నిన్న మొన్నటి మాట కాదు. బొంబాయి నగరమున కామాఠీపుర మను పేట కలదు. ఆ నగరములో కట్టడపు పనులు చేయుటకు నైజాము సీమనుండి పోయిన తెలుగు కూలీలను అచ్చటివారు కామాఠీలనిరి. వారు నివసించుటచే ఆ పేటకు ఆ పేరు వచ్చినది. సిరిసిల్ల నేతగాండ్రు భీవండికిని, షోలాపురమునకును, సూరతునకును పోయి మగ్గములు నడపిరి. పిమ్మట 1973 అక్టోబరులో అరబ్బు దేశములు చమురు ఎగుమతిని బిగించెను. పీపా 3 డాలర్ల ప్రాంతమున నున్న ధర 1974 ఆరంభమునాటికి 12 డాలర్లకు చేరువయ్యెను. ఆ ధనముతో వారు రేవులును, బాటలును, నగరములును కట్టనారంభించిరి. పనివారు కావలసివచ్చిరి. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల, నిజామాబాదు సీమలవారు ఆ కాలమునుండియే ఎడారి త్రోవ పట్టిరి.

బొంబాయి వలసకును గల్ఫు వలసకును ఒక పెద్ద భేదము కలదు. బొంబాయికి గాని భీవండికి గాని పోయినవాడు కొన్నినాళ్లకు భార్యాబిడ్డలను పిలిపించుకొనెను. వారితోపాటు పొయ్యియు, రోలును, రొట్టె పెనమును పోయినవి. అందుచే ఆ యూళ్లలో మన గటకయు, పచ్చిపులుసును నిలిచినవి. గల్ఫు దేశములకు మగవాడు ఒంటరిగా పోవును. ఎమిరేట్ల దేశమున 2019 లో నిర్ణయించిన నిబంధన ప్రకారము, నెలకు 4,000 దిర్హములు గాని, వసతితో గూడ 3,000 దిర్హములు గాని జీతము లేనివాడు కుటుంబమును వెంట నుంచుకొనుటకు అర్హుడు కాడు. కట్టడపు పనివాని కూలి సామాన్యముగా దీనికి చాలదు. కావున ఇరువది యేండ్లు అవ్వ చేతి యన్నమును, పిమ్మట ఆలి చేతి యన్నమును తినిన వాడు, ఒక్క రాత్రి విమాన ప్రయాణముతో, తన యన్నము తాను వండుకొనవలసినవా డగును. ఈ మార్పు ఎంత పెద్దదో మనము తగినంత యోచించుట లేదు. వీసాకు అప్పు తెత్తుము, పాసుపోర్టు చేయింతుము, వైద్య పరీక్ష చేయింతుము. పొయ్యియొద్దకు మాత్రము పోనీయము.

పరదేశమున ఆహారము మాఱుట మనవారికి మాత్రమే వచ్చిన చిక్కు కాదు. ఇంగ్లండునుండి అమెరికాకు పోయి కాపురముండువారి సంగతి చూడుడు. రెండు దేశములకును భాష ఒక్కటే. అయినను ఇంగ్లండువాడు బిస్కట్టు అడిగినచో అమెరికా ఫలహారశాలలో వానికి మెత్తని రొట్టెముక్క వచ్చును. చిప్సు అడిగినచో, వాడు కోరిన వేడివేడి ఆలుగడ్డ ముక్కలకు బదులు, పొట్లములోని కరకరలాడు పలుచని బిళ్లలు వచ్చును. ఇంటినుండి తెచ్చుకొనిన వంట పుస్తకములో పైంటు పాలు పోయవలెనని యుండును. ఇంగ్లండు పైంటు 568 మిల్లీలీటర్లు. అమెరికా పైంటు 473 మాత్రమే. ఆ తేడా తెలియనివాని వంట చెడును. అచ్చటి గృహిణి పిండిని తూచదు, గిన్నెతో కొలుచును. విద్యుత్తు యొక్క బలము సయితము అమెరికా యిండ్లలో సగమునకు సమీపము గనుక, తేనీటికి నీరు కాగుటకే ఆలస్యమగును. స్కాట్లండువారికి హ్యాగిస్ అను వంటకము ప్రాణము. గొఱ్ఱె గుండెను, కాలేయమును, ఊపిరితిత్తులను ధాన్యముతో కలిపి దానిని చేయుదురు. అమెరికా ప్రభుత్వము 1971 లో గొఱ్ఱె ఊపిరితిత్తులను ఆహారముగా వాడరాదని నిషేధించుటచే, స్వదేశపు రీతి హ్యాగిస్‌ను అచ్చటికి తెప్పించుకొను వీలు లేకపోయెను. ధనమును, చదువును, ఒక్కటే భాషయు గలవారికే పేరును, కొలతయు, చట్టమును ఇట్లు అడ్డుపడినవి. మన పిల్లవాని సంగతి చెప్పవలెనా? ఈ మూడును వానికి మఱింత గట్టిగా అడ్డుపడును.

మొదట మన యింటి తిండిని జ్ఞప్తికి తెచ్చుకొందము. మన సీమలో జొన్న గటక, మక్క గటక, అంబలి, జొన్నరొట్టె చిరకాలపు ఆహారము. చెఱువుల క్రిందను కాలువల క్రిందను వరి పెరిగిన పిమ్మట అన్నము ప్రధానమైనది. దానితో పప్పుచారు, పచ్చిపులుసు, పుంటికూర, చింతచిగురు, మామిడి తొక్కు, నువ్వుల పొడి. సంక్రాంతికి సకినాలు, బతుకమ్మకు సద్దులు, మలీద ముద్దలు. ఈ తిండిలో పులుపును, కారమును, నువ్వుల కమ్మదనమును ముఖ్యములు. ఈ మూడింటికిని అలవడిన నాలుక ఎచ్చటికి పోయినను వానినే వెదకును.

గల్ఫు దేశమున వానికి మొదట దొరకునది ఖుబూస్. అది గోధుమ పిండితో చేసి భట్టీలో కాల్చిన గుండ్రని పలుచని రొట్టె. చవుక. వేడిగా నున్నపుడు మెత్తగా నుండును. ఆఱినపుడు తోలువలె సాగును. క్రొత్తగా పోయినవాడు పలు దినములు ఖుబూసును టీలో ముంచుకొని తినియే గడపును. కంపెనీవారు భోజనము పెట్టు చోట్ల మెస్సు నడుపువాడు తఱచుగా మలయాళీయో ఉత్తర హిందూస్థానమువాడో అయియుండును. వాని కూర వాని నాడు రుచి. మనవానికి అందులో పులుపు చాలదు, కారము చాలదు. మలయాళీల ఉప్పుడు బియ్యపు అన్నము లావుగా నుండును. మొదట మ్రింగుడు పడదు. ఇది ఎవరి తప్పును కాదు. ప్రతి నాటికిని తన గింజ, తన నాలుక కలవు.

అట్లని అరబ్బుల ఆహారము మనకు పూర్తిగా పరాయి దనుకొనరాదు. ఈ సంగతి పిల్లలకు చెప్పి పంపినచో వారి బెంగ సగము తగ్గును. అరబ్బులు మన చింతపండును తమర్ హింది యందురు. తమర్ అనగా ఖర్జూరము. తమర్ హింది యనగా హిందూ దేశపు ఖర్జూరము. ఇంగ్లీషువారు చింతపండునకు వాడు పేరు సయితము దానినుండియే పుట్టినది. కావున అంగడిలో తమర్ హింది యని యడిగిన చింతపండు దొరకును. వారి దేశమున పులుపునకు నిమ్మకాయలను ఉప్పునీట ఉడికించి, ఎండలో నల్లబడువఱకు ఎండబెట్టి, మాంసపు అన్నములోను చేపల పులుసులోను వేయుదురు. దానిని లూమి యందురు. పచ్చిపులుసు తినిన నాలుకకు ఆ పులుపు క్రొత్తది కాదు.

సౌదీ మొదలగు దేశములలో లబన్ అని డబ్బాలలో నమ్మునది మన మజ్జిగయే. అందు కొంచెము నీరు పోసి, ఉప్పు వేసి, ఉల్లిగడ్డ నలిపి కలిపినచో అన్నములోనికిని, త్రాగుటకును సరిపోవును. యెమెను, సూడాను దేశములవారు జొన్నపిండితోను గోధుమపిండితోను అసీదా యను ముద్ద వండి, నడుమ గుంటచేసి అందు పులుసో నేయియో పోసికొని తిందురు. అది చూచిన మన రుద్రంగి ముసలవ్వ గటక కాదని యనజాలదు. ఆ దేశముల పనివారును గల్ఫులో పలువురు కలరు. ఒకే బస్సులో పనికి పోవు ఇద్దరు, ఒకడు సూడానువాడు ఒకడు మనవాడు, ఒకే గింజను చిన్ననాట తినినవారే యని తెలిసినచో పరాయితనము కొంత తొలగును.

ఇంకొక ముచ్చట. గోధుమలను మాంసముతో గంటల తరబడి మెత్తగా ఉడికించి చేయు హరీస్ అరబ్బుల పండుగ వంట. నైజాము ప్రభువుల కొలువులో సైనికులుగా చేరిన హద్రమౌతు అరబ్బులు హైదరాబాదులోని బార్కసులో స్థిరపడి దానిని మన దేశమునకు తెచ్చిరి. మన మసాలాలు చేరి అది హలీమైనది. 2010 లో హైదరాబాదు హలీమునకు భౌగోళిక గుర్తింపు లభించినది. 2023 లో హరీస్ చేయు విద్యను ఐక్యరాజ్య సమితి విద్యా సాంస్కృతిక సంస్థ మానవజాతి వారసత్వపు పట్టికలో చేర్చినది. అనగా ఒకప్పుడు ఆ యెడారినుండి కూలికి వచ్చినవారు తమ తిండిని మన రాజధానికి తెచ్చిరి. ఇప్పుడు మనవారు మన తిండిని అచ్చటికి కొనిపోవుచున్నారు. బాట యొక్కటే, నడక దిక్కు మాఱినది.

ఇక పనివాని దినచర్యను చూతము. వేకువను నాలుగు గంటలకు లేచుట. అయిదింటికో ఆఱింటికో బస్సెక్కుట. సూర్యుడు క్రుంకు వేళకు శిబిరమునకు వచ్చుట. శిబిరములో వరుసగా గ్యాసు పొయ్యిలు గల ఉమ్మడి వంటశాల యుండును. అలసి వచ్చినవారందఱును ఒక్కమాఱే అచ్చటికి చేరుదురు. పొయ్యి ఖాళీ యగువఱకు వేచియుండవలెను. ఒకే గదిలోని అయిదాఱుగురు ఖర్చు పంచుకొని, వంతులవారీగా వండుకొందురు. వంతు వచ్చిన నాడు వండజాలనివాడు తోటివారికి బరువగును. వాని వంతు గిన్నెలు తోముటయు, నీరు మోయుటయు నగును. లేదా విసిగి, బయట కొనితినుటకు మరలును. ఊరికి పంపవలసిన డబ్బు అచ్చటనే కరగిపోవును. వంట వచ్చినవానికి గదిలో మర్యాద. ఇది చిన్న విషయముగా తోచును గాని, పదుగురు ఒక గదిలో ఏండ్లు గడుపు చోట మర్యాదకంటె గొప్ప ఆస్తి లేదు.

రాత్రి వండినదే మఱునాటి సద్ది. అచ్చటి వేసవి మనకు తెలిసిన వేసవి కాదు. 45 డిగ్రీలు దాటుట సామాన్యము. ఎమిరేట్లలో జూను 15 నుండి సెప్టెంబరు 15 వఱకు పగలు పండ్రెండున్నరనుండి మూడు గంటలవఱకు ఎండలో పని చేయింపరాదని చట్టము కలదు. ఆ వేళకు డబ్బాలోని యన్నము వండి పదునాలుగు గంటలగును. పప్పును, గ్రుడ్డును, మాంసమును ఆ వేడిలో పాడగును. వాసన రాకముందే విషమగుటయు కలదు. మన పెద్దలు దూర ప్రయాణమునకు ఏమి కట్టెడివారు? పులిహోర, రొట్టె, నువ్వుల పొడి, సత్తుపిండి. చింతపండు పులుపు అన్నమును చెడనీయక కొంత కాపాడును. నీటి తడి లేని పొడియు రొట్టెయు నిలుచును. ఈ జ్ఞానము మన ముసలివారి యొద్ద కలదు. ఎడారిలోని కుఱ్ఱవానికి కావలసినది సరిగా నిదియే. రాత్రి వండిన యన్నమును వేడిమీద మూతపెట్టి డబ్బాలో బిగింపక, వెడల్పు పళ్లెములో ఆఱబెట్టి, శీతల యంత్రములో నుంచి, తెల్లవారుజామున డబ్బాలో పెట్టుకొనవలెనని వానికి చెప్పవలెను.

ఆరోగ్యమును గూర్చి ఒక మాట. ఒంటరివాడు సులువైన దానిని వెదకును. అన్నము వండి, తొక్కు వేసికొని ముగించును. కూరగాయ యుండదు, ఆకుకూర యుండదు. దాహమునకు తీపి సీసా పానీయములు త్రాగును. ఎండలో చెమట యోడ్చినపుడు తగినంత నీరు త్రాగనివాని మూత్రపిండములకు హాని యని వైద్యులు హెచ్చరించుచున్నారు. తియ్యని పానీయములు చక్కెర వ్యాధికిని, ఉప్పు మించిన తొక్కు రక్తపు పోటునకును త్రోవ. మన అంబలియు, పలుచని మజ్జిగయు ఎండలో పనిచేయువానికి నీటిని, ఉప్పును, బలమును కలిపి యిచ్చునవి. వీనిని బీదల తిండి యని యీసడించి మఱచితిమి. ఎడారిలో వీని విలువ తెలియును.

సాయంకాలము ఫోను మ్రోగగానే మన యిండ్లలో అవ్వ యడుగు మొదటి మాట, “తిన్నవా బిడ్డా?” అనునది. “తిన్ననే అవ్వా” యని వాడు చెప్పును. ఖుబూసును టీయు తినినవాడును అదే మాట చెప్పును. అన్నము పప్పు తినినవాడును అదే మాట చెప్పును. అందుచే నేను పెద్దలకు మనవి చేయునది, ఆ ప్రశ్నను కొంచెము మార్చి యడుగుడు. ఏమి వండితివి, ఎవరి వంతు, కూర యేమి, రేపటికి డబ్బాలో ఏమి పెట్టుకొందువు అని యడుగుడు. అబద్ధమాడుట కష్టమగును; మాటలోనే ఒక వంట నేర్పుటయు అగును.

ఇక మూట సంగతి. ఇందు మన ప్రేమ ఎంత కలదో, ప్రమాదమును అంత కలదు. దయతో శ్రద్ధగా వినుడు.

సకినాలు పంపుడు. బియ్యము నానవేసి, దంచి, జల్లించి, నువ్వులును వామును కలిపి, బట్టమీద చేతితో చుట్లు చుట్టి, తడి యారిన పిమ్మట నూనెలో కాల్చిన సకినము నెలకు పైగా నిలుచును. సత్తుపిండి, నువ్వుల పొడి, కారము, చింతపండు, ఎండబెట్టిన పుంటికూర పంపవచ్చును. తొక్కును గట్టిగా మూత బిగించి, సంచిలో చుట్టి, పెద్ద పెట్టెలో పెట్టవలెను, చేతిసంచిలో పెట్టరాదు.

గసగసాలు మాత్రము ఒక్క గింజయు పంపరాదు. మన యింట మాంసపు కూరకు గసగసాలు నూరి వేయుట వాడుక. ఎమిరేట్లు, సౌదీ మొదలగు దేశములలో అవి నిషిద్ధ వస్తువు. నల్లమందు చెట్టు గింజలగుటచే మత్తు పదార్థముల క్రింద లెక్కింతురు. తెలియక తెచ్చితిననిన వినరు. చెఱసాలకు పంపిన సందర్భములు కలవు. గసగసాలు కలిపి దంచిన మసాలా పొడియు అంతే. కోడలు ప్రేమతో దంచి పంపిన పొడి కొడుకును కటకటాల వెనుకకు త్రోయవచ్చును. మసాలా దంచునపుడే ఈ సంగతి జ్ఞాపకముంచుకొనవలెను.

కుడుకలు, అనగా ఎండుకొబ్బరి, పంపరాదు. అందు నూనె యధికమగుటచే తనంతట తాను వేడెక్కి అంటుకొను వస్తువుల పట్టికలో దానిని చేర్చిరి, విమానములో కొనిపోనీయరు. తమలపాకులు, పాను, గుట్కా పంపరాదు; ఎమిరేట్లలో వానికి నిషేధము కలదు. నొప్పులకును దగ్గునకును వాడు మాత్రలలో కొన్ని అచ్చట మత్తు మందులుగా లెక్కింపబడును. వైద్యుని చీటి లేక ఏ మందును పెట్టరాదు. అన్నిటికంటె ముఖ్యము, ఇతరులు మా బంధువునకు ఇయ్యవలెనని తెచ్చి యిచ్చిన మూతవేసిన పొట్లమును, తొక్కు సీసాయైనను మిఠాయి డబ్బాయైనను, విప్పి చూడక తీసికొనరాదు. అట్టి పొట్లములలో గంజాయి దాచి పంపుటయు, ఏమియు నెఱుగని ప్రయాణికుడు పట్టుబడుటయు పత్రికలలో చదివినదే. ఊరిలో మొగమాటము పడుటకంటె పరదేశమున బందీ యగుట పెద్ద కీడు.

ఆహారముతోపాటు పానీయమును గూర్చియు చెప్పక తప్పదు. మన సీమలో కల్లు త్రాగుట వాడుక. సౌదీలోను కువైటులోను మద్యము నిషిద్ధము. నిషిద్ధమైన చోట దొంగసారా పుట్టును. 2025 ఆగస్టులో కువైటున విషపు సారా త్రాగి 20 మందికి పైగా మరణించిరి; పలువురు చూపు కోల్పోయిరి. రంజాను మాసమున పగటివేళ నలుగురిలో తినుటయు త్రాగుటయు కొన్ని దేశములలో నేరము. ఆ మాసముననే సాయంకాలము మసీదుల యొద్ద మతభేదము లేక పనివారికి ఖర్జూరమును, లబనును, మాంసపు అన్నమును పెట్టుదురు. ఆ దేశపు కట్టుబాటును మన్నించినవానికి ఆ దేశపు అన్నము దొరకును.

ఇండ్లలో పనికి పోవు స్త్రీల సంగతి కొంత వేఱు. వంటయిల్లు వారి చేతిలోనే యుండును, కాని వండవలసినది యజమాని యింటి రుచికి. వారికి కావలసినది మన వంట నేర్పుట కాదు. వస్తువుల అరబ్బు పేర్లు నేర్పుట. బియ్యము రుజ్, ఉప్పు మిల్‌హ్, ఉల్లిగడ్డ బసల్, పాలు హలీబ్, పప్పు అదస్, కోడి దజాజ్, చేప సమక్. ఈ యేడు పేర్లు ముందుగా వచ్చినచో మొదటి వారమున తినవలసిన తిట్లు కొన్ని తప్పును. మగవారికిని ఇవి అంగడిలో పనికివచ్చును.

పోవుటకు ముందు ఒప్పంద పత్రములో ఒక సంగతి చదివించుకొనవలెను. భోజనము కంపెనీ పెట్టునా, లేక భోజనమునకు డబ్బు ఇచ్చునా? డబ్బు ఇచ్చునట్లయిన ఎంత? వండుకొనుటకు చోటు కలదా? జీతమును మాత్రమే చూచి సంతకము చేసి, తిండి ఖర్చు అందులోనుండియే పోవునని అక్కడికి పోయిన పిమ్మట తెలిసికొనువారు పలువురు కలరు.

ఇక నేర్పవలసిన వంటలు ఎన్ని? అయిదు చాలును. అన్నము, పప్పు, చారు, ఒక కూర, రొట్టె. వీసా వచ్చుటకు పట్టు నెల రెండు నెలలలో ఇవి నేర్చుట కష్టము కాదు. అన్నమునకు కొలత ముఖ్యము. మన పాత బియ్యమునకు పోయు నీరు బాసుమతికి ఎక్కువ. మలయాళీల ఉప్పుడు బియ్యమునకు తక్కువ. కావున లెక్క కాక మెతుకు పట్టి చూచుట నేర్పుడు. పచ్చిపులుసు మఱువకుడు. చింతపండు రసములో తరిగిన ఉల్లిగడ్డ, కాల్చిన పచ్చిమిరపకాయ, ఉప్పు, వేయించి దంచిన నువ్వుల పొడి కలిపిన చాలును. పొయ్యి కొఱకు వేచియుండ నక్కఱలేదు. అలసి వచ్చిన నాడు అదియే రక్షణ.

మగపిల్లవాని చేత వంట చేయించుట యేమని కొందఱు పెద్దలు నవ్వుదురు. నలభీమ పాకమని పొగడునది ఎవరి వంటను? నలుడును మగవాడే, భీముడును మగవాడే. పాండవులు అజ్ఞాతవాసమున విరాటరాజు కొలువు చేరినపుడు, భీముడు వలలుడను పేర వంటశాలలో నిలిచి యేడాది గడపెను. ఇల్లు విడిచి పరుల పంచ చేరిన కాలమున వానికి అన్నము పెట్టినది గద కాదు, గరిటె. మన పెండ్లిండ్లలో పెద్ద డేగిసాల ముందు నిలుచువారును మగవారే గదా. నలుగురి కొఱకు వండుట గౌరవమైనపుడు తన కొఱకు వండుకొనుట లోపమెట్లగును?

రుద్రంగిలోను చుట్టుప్రక్కలను విమానపు టికెట్టు కొనిన ఇల్లు ఏ వాడలో నున్నను, ఆ యింటి పెద్దలకు నా మనవి ఇది. టికెట్టు చేతికి వచ్చిన నాటనుండి బయలుదేరు దినమువఱకు రాత్రి వంటను ఆ పిల్లవానికి అప్పగింపుడు. మొదటి దినము అన్నము మాడును, రెండవ దినము పప్పు ఉడుకదు, వారమునకు చారు కుదురును. ఇంటిల్లిపాదియు నవ్వుచు తినుడు. వాడు వండిన అన్నమును తండ్రి ఒక్కపూట కడుపునిండ తిని లేచిన నాడు వాడు ప్రయాణమునకు సిద్ధమైనాడని యెంచుడు.